స్కూళ్లే పోగొట్టిన ఓజిబ్వే భాషని మళ్లీ స్కూళ్లే తెచ్చిపెట్టగలవా?

దులూత్_అమ్మ:

అందరికీ నమస్తే. మేం మిన్నెసోటాలోని దులూత్‌కి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఇక్కడి చలికే ఇంకా అలవాటు పడలేదు. మా అమ్మాయికి వచ్చే ఏడు కిండర్‌గార్టెన్. స్కూళ్ల గురించి వాకబు చేస్తుంటే లోవెల్ ఎలిమెంటరీలో మిసాబేకాంగ్ అని ఓజిబ్వే ఇమ్మర్షన్ ప్రోగ్రామ్ ఉందని తెలిసింది. అంటే ఓజిబ్వేని ఒక సబ్జెక్టులా చెప్పడం కాదు, లెక్కలూ సైన్సూ కూడా ఆ భాషలోనే చెప్తారట. తెలియనివాళ్ల కోసం: ఓజిబ్వే వాళ్లు ఈ పెద్ద సరస్సుల చుట్టూ, ఇటు మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, అటు కెనడాలో ఒంటారియో, మనిటోబా వరకూ ఉండే ఆదివాసులు. తమని తాము అనిషినాబే అంటారు. బెమిజీ వెళ్లినప్పుడు షాపుల తలుపుల మీద "బూఝూ" (అంటే నమస్తే) అని, టాయిలెట్ల మీద కూడా రెండు భాషల్లో బోర్డులు చూసి భలే ముచ్చటేసింది.

కానీ నాకో అనుమానం. మా అక్క కొడుకు డల్లాస్‌లో ఏళ్ల తరబడి ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్లాడు. వేమన పద్యాలు గడగడా చెప్తాడు, "అన్నం తింటావా నాన్నా" అంటే మాత్రం జవాబు ఇంగ్లీష్‌లోనే. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషకే గతి ఇలా ఉంటే, అమెరికా వైపు పెద్దవాళ్లు తప్ప మాట్లాడేవాళ్లే లేని భాషని స్కూల్లో నేర్పితే నిజంగా మాట్లాడేవాళ్లు తయారవుతారా, లేక ఇది మనసుకి తృప్తి కోసం చేసే పనా? అసలు అంత పెద్ద భాష ఎలా పోయింది? ఇంకోటి, మనలాంటి బయటివాళ్లు పిల్లల్ని అందులో చేర్పించొచ్చా? మా ఆయన "దాని వల్ల ఉపయోగం ఏంటి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఉడతాభక్తి:

చాలా మంచి ప్రశ్న అండీ. నేను భాషాశాస్త్రం చదువుకున్నాను, ఓజిబ్వే గురించి చదవడం పాత పిచ్చి, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఎలా పోయిందంటే, దానంతటదే పోలేదు, పోగొట్టారు. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే బోర్డింగ్ స్కూల్ పెట్టారు, పాత సైనిక బారకాసుల్లో, పెట్టినాయన కూడా సైన్యాధికారే. ఆ నమూనాలో దేశమంతా వందల స్కూళ్లొచ్చాయి. పిల్లల్ని ఇంటికి దూరంగా తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాషలో నోరు తెరిస్తే కొట్టడం, నోట్లో సబ్బు పెట్టి కడగడం. ఇవన్నీ అక్కడ చదివినవాళ్లు స్వయంగా చెప్పిన సంగతులు. దీని అసలు దెబ్బ ఆ పిల్లల మీద కంటే వాళ్ల పిల్లల మీద పడింది. ఇంగ్లీష్ బాగా వచ్చి వాళ్లు తిరిగొచ్చారు, ఓజిబ్వే పూర్తిగా మర్చిపోనూ లేదు, కానీ "నేను తిన్న దెబ్బలు నా బిడ్డ తినకూడదు" అని ఇంట్లో మాట్లాడటం మానేశారు. భాష తెగింది అక్కడ. స్కూల్లో నిషేధిస్తే భాష చావదు, ఇంట్లో అమ్మ మానేస్తేనే చస్తుంది.

1960ల చివరికొచ్చేసరికి తిరుగుబాటు మొదలైంది. అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ అనే ఆదివాసీ హక్కుల ఉద్యమం పుట్టింది 1968లో, మినియాపొలిస్‌లోనే. నగరంలో బడి మానేస్తున్న ఆదివాసీ పిల్లల కోసం వాళ్లే 1972లో హార్ట్ ఆఫ్ ది ఎర్త్ అని సొంత బడి పెట్టుకున్నారు, పక్కన సెయింట్ పాల్‌లో రెడ్ స్కూల్ హౌస్ వచ్చింది. 1975లో లీచ్ లేక్ రిజర్వేషన్‌లో (ఇక్కడ రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, తెగకి ఉన్న సొంత భూభాగం) బగ్-ఓ-నే-గే-షిగ్ స్కూల్. వీటివల్ల పిల్లలకి తమ మీద తమకి గౌరవం వచ్చింది, అది చిన్న విషయం కాదు. భాష మాత్రం రాలేదు. రోజుకో పీరియడ్, రంగులు, అంకెలు, జంతువుల పేర్లు, మళ్లీ వచ్చే ఏడు అవే రంగులు, అవే అంకెలు. మీ అక్క కొడుకు సమస్యే.

ఇమ్మర్షన్ ఆలోచన పసిఫిక్ దీవుల నుంచి వచ్చింది. న్యూజిలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీలు 1982లో "భాషా గూళ్లు", అంటే పసిపిల్లలతో పూర్తిగా సొంత భాషలోనే మాట్లాడే బాలవాడీల్లాంటివి, మొదలుపెట్టారు, వాళ్లని చూసి హవాయి వాళ్లు, వాళ్లని చూసి ఓజిబ్వే వాళ్లు. విస్కాన్సిన్‌లో లకూడరే రిజర్వేషన్ ఉంది (స్పెల్లింగ్ ఫ్రెంచ్‌ది, చూసి చదివితే పలకలేరు), అక్కడ 2000 ప్రాంతంలో వాడూకోడాడింగ్ అనే బడి పెట్టారు. చిన్నపిల్లలతో మొదలుపెట్టి, ఏటా ఆ పిల్లలతో పాటే పై తరగతులు పెంచుకుంటూ పోయారు. ఆ రిజర్వేషన్ పక్క ఊరు హేవర్డ్‌లోనే ఒకప్పుడు ప్రభుత్వం ఇండియన్ బోర్డింగ్ స్కూల్ నడిపింది, అంటే ఆ పిల్లల్లో చాలామంది తాతముత్తాతల నోళ్లు మూయించిన చోటికి కూతవేటు దూరం.

అక్కడ క్లాసురూమ్ అంటే నాలుగ్గోడలు కాదు. మార్చిలో మేపుల్ చెట్ల దగ్గరికి వెళ్తారు. దాదాపు నలభై లీటర్ల రసం కాస్తే ఒక లీటరు పాకం వస్తుంది, నిష్పత్తి లెక్కలు అక్కడే. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే చెట్టు రసం వదులుతుంది, కాబట్టి ఉష్ణోగ్రతలు రాసుకోవడం అక్కడే. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో సరస్సుల్లో మనూమిన్, అంటే నీళ్లలో తనంతట తాను పెరిగే అడవి వరి లాంటి ధాన్యం కోత. ఒకరు వెనక నిలబడి గెడతో పడవ నెడుతుంటే ఇంకొకరు రెండు కర్రలతో కంకుల్ని పడవలోకి వంచి దులుపుతారు. తర్వాత ఎండబెట్టడం, వేయించడం, తొక్కి పొట్టు తీయడం, చెరిగి తూర్పారబట్టడం. పల్లెలో పుట్టినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు, ఈ ఒక్కో పనికీ ఎన్ని క్రియలు కావాలో. ఓజిబ్వే నడిచేదే క్రియల మీద. ఆ పని చేయకుండా ఆ భాష నేర్పాలంటే రోజూ బొమ్మల కార్డులు చూపించాల్సిందే. కథలకి కూడా కాలం ఉంది, వాళ్ల పురాణ కథలు కొన్ని నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి, కాబట్టి సిలబస్ కూడా ఆ ప్రకారమే నడుస్తుంది.

పచ్చినిజం:

ఉడతాభక్తి గారు బాగా రాశారు కానీ కొంచెం తీపి ఎక్కువైంది. నేను కాస్త చేదు కలుపుతా.

ఒకటి, ఓజిబ్వే మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది కెనడా వైపు ఉన్నారు. అమెరికా వైపు చిన్నప్పటి నుంచి ఇంట్లో మాట్లాడినవాళ్లు అంటే దాదాపు అందరూ పెద్ద వయసువాళ్లే, రెడ్ లేక్ రిజర్వేషన్‌లో పొనెమా అనే ఊళ్లో కాస్త ఎక్కువ. ఏటా కొందరు పోతున్నారు. ఒక బడి నుంచి ఏటా బయటికొచ్చే పిల్లలు ఎంతమంది? వాళ్లు సాయంత్రం ఇంటికెళ్తే టీవీ ఇంగ్లీష్, ఫోన్ ఇంగ్లీష్, అమ్మానాన్నా ఇంగ్లీష్. రెండు, డబ్బు. ఇలాంటి ప్రోగ్రామ్‌లు చాలావరకు గ్రాంట్ల మీద నడుస్తాయి, మూడేళ్ల గ్రాంట్ అయిపోగానే మళ్లీ దరఖాస్తు, మళ్లీ టెన్షన్. దులూత్‌లోనే యూనివర్సిటీ వాళ్లు పసిపిల్లల కోసం ఒక ఓజిబ్వే గూడు నడిపారు, అది ఎక్కువ ఏళ్లు నిలవలేదు. మూడు, పరీక్షలు. ఏడాదంతా ఓజిబ్వేలో లెక్కలు చెప్పి, చివర్లో రాష్ట్ర పరీక్ష ఇంగ్లీష్‌లో పెడితే మార్కులు చూసి స్కూల్ వెనకబడింది అంటారు.

చట్టాలకేం, బోలెడున్నాయి. ఆదివాసీ భాషలకి హక్కుంది అని అమెరికా 1990లో చట్టం చేసింది, 2006లో ఇమ్మర్షన్ బడులకి డబ్బిచ్చే ఇంకో చట్టం. కెనడా 2019లో చేసింది. వాళ్ల భాష చెరపడానికి వందేళ్ల పాటు పెట్టిన ఖర్చుతో ఇప్పుడిచ్చే గ్రాంట్లని పోల్చి చూడండి, తర్వాత మాట్లాడదాం.

దులూత్_అమ్మ:

పచ్చినిజం గారూ, మీ పేరుకి న్యాయం చేశారు. మరి టీచర్ల సంగతేంటి? ఓజిబ్వే వచ్చినవాళ్లు బాగా పెద్ద వయసులో ఉన్నారంటున్నారు, వాళ్లు కిండర్‌గార్టెన్ పిల్లల్ని సముదాయించలేరు కదా. లెక్కలు ఎవరు చెప్తున్నారు?

ఉట్నూరు_మాస్టారు:

అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, ఆదిలాబాద్ ఏజెన్సీలో చాలా ఏళ్లు పనిచేశాను. అసలు కిటుకంతా మీరు అడిగిన ఈ ప్రశ్నలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో, అంటే గోండి, కొలామి, కోయ, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా, ప్రాథమిక బడుల్లో మాతృభాషా బోధన పెట్టారు. వాచకాలు ఆ ఊళ్లవాళ్లతో కూర్చుని రాయించారు, తెలుగు లిపిలోనే. మంచి పుస్తకాలు. పిల్లల ముఖాలు వెలిగేవి, అది నేను కళ్లారా చూశాను. కానీ మా దగ్గర ఏమయ్యేదంటే, గోండి వచ్చిన టీచర్ బదిలీ అయితే వచ్చినాయనకి గోండి ముక్క రాదు, పుస్తకం బీరువాలోకి వెళ్లేది.

ఒక తేడా మాత్రం చెప్పాలి. మా గోండు పిల్లలు బడికొచ్చేటప్పటికే ఇంట్లో నేర్చిన గోండితో వస్తారు, బడి దాన్ని పోగొట్టకుండా ఉంటే చాలు. అక్కడ పిల్లలు ఇంగ్లీష్‌తో వస్తారు, ఓజిబ్వేని బడే మొదటిసారి వినిపించాలి. అది మా పని కంటే చాలా కష్టం. ఉడతాభక్తి గారూ, ఆ టీచర్లు ఎక్కడి నుంచి వస్తున్నారు, వాళ్లకి ఎవరు నేర్పారు, అది చెప్పండి.

ఉడతాభక్తి:

మాస్టారూ, అక్కడికే వస్తున్నా. పచ్చినిజం గారు చెప్పిన మూడూ నిజమే, నేను కాదనను. కానీ ఇమ్మర్షన్ బడి అనగానే మనం పిల్లల్ని లెక్కపెడతాం. నా ఉద్దేశంలో లెక్కపెట్టాల్సింది పెద్దవాళ్లని, అంటే ఇరవై ఐదేళ్లప్పుడో ముప్పై ఏళ్లప్పుడో కూర్చుని ఓజిబ్వే నేర్చుకున్నవాళ్లని.

ఈ బడుల్లో టీచర్లు చాలామంది పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లు కాదు. కాలేజీలో మొదలుపెట్టి, తర్వాత ఏళ్ల తరబడి పెద్దవాళ్ల వెంట తిరిగి, వాళ్లని కార్లో ఊళ్లు తిప్పుతూ, వంట చేసి పెడుతూ, పొగాకు ఇచ్చి మర్యాదగా అడిగి (అక్కడ పెద్దల్ని ఏదైనా అడగాలంటే అదే పద్ధతి) నేర్చుకున్నారు. వాళ్ల క్రియారూపాలు చూస్తే కళ్లు తిరుగుతాయి, ఎవరు ఎవర్ని చేశారు, ప్రాణం ఉన్నదాన్నా లేనిదాన్నా అన్నదాన్ని బట్టి క్రియ మారిపోతుంది. మనం, మేము తేడా వాళ్లకీ ఉంది, అక్కడ మనకో మార్కు కలిసొస్తుంది, మిగతా అంతా చెమటే. బెమిజీ స్టేట్ యూనివర్సిటీలో ఆంటన్ ట్రాయర్ అని ప్రొఫెసర్ ఉన్నారు, ఆయనా పెద్దయ్యాక నేర్చుకున్నవారే. పెద్దల మాటల్ని రికార్డు చేసి అక్షరం పొల్లుపోకుండా రాయడం, వాటిని పత్రికగా అచ్చువేయడం ఆయన పెట్టుకున్న పని. జాన్ నికల్స్ అనే భాషావేత్త తన సహరచయితతో కలిసి 1995లో నిఘంటువు వేశారు, ఆ పని పెరిగి పెరిగి 2012లో ఓజిబ్వే పీపుల్స్ డిక్షనరీ అని ఇంటర్నెట్‌లో ఉచితంగా వచ్చింది. మాట నొక్కితే పెద్దవాళ్ల గొంతులోనే వినొచ్చు.

వయసు మళ్లినవాళ్లు క్లాసు నడపరు, క్లాసులో కూర్చుంటారు. టీచర్ తడబడితే అందిస్తారు. భిన్నాలు, కిరణజన్య సంయోగక్రియ లాంటి వాటికి మాట కావాల్సి వస్తే నలుగురైదుగురు పెద్దలు కూర్చుని కడతారు, ఇంగ్లీష్ పదం అరువు తెచ్చుకోవడం కంటే అది చేసే పనిని వర్ణించే క్రియ కట్టడానికే ఇష్టపడతారు. ఇక సర్టిఫికెట్ సంగతి: భాష వచ్చినవాళ్లకి బీఎడ్ లాంటిది ఉండదు, అది ఉన్నవాళ్లకి భాష రాదు. అందుకే మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో ఆదివాసీ భాషలు చెప్పేవాళ్లకి వేరే లైసెన్స్ పద్ధతి పెట్టారు.

డబ్బు గురించి ఒక్క మాట. మిల్ లాక్స్ తెగ వాళ్లకి కేసినోలు ఉన్నాయి, ఆ తెగ భాష మీద బాగానే పెడుతోంది. పెద్దల చేత కథలు చెప్పించి ఒక్క ఇంగ్లీష్ వాక్యం లేకుండా పూర్తిగా ఓజిబ్వేలోనే పుస్తకాలు వేయించారు. రోసెట్టా స్టోన్ అనే, భాషలు నేర్పే సాఫ్ట్‌వేర్ కంపెనీతో కలిసి పాఠాలు చేయించారు, అందులో కనపడేది వాళ్ల ఊరివాళ్లే. అంటే గ్రాంట్ ఆగితే ఆగిపోయే పరిస్థితి అందరిదీ కాదు.

ఈ నేర్చుకున్న పెద్దవాళ్లలో కొందరు ఇప్పుడు ఇంట్లో తమ పిల్లలతో ఓజిబ్వేలోనే మాట్లాడుతున్నారు. దులూత్_అమ్మ గారి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే: బడి ఒక్కటే భాషని తేలేదు. తను ఉద్యోగానికి పెట్టుకున్న పెద్దవాళ్లకి రోజంతా ఆ భాషలో బతికే వీలిస్తుంది, వాళ్ల ఇళ్ల నుంచి భాష వస్తుంది. ఈ లెక్కన చూస్తే ముప్పై మంది పిల్లలున్న చిన్న బడి కూడా పెద్ద సంగతే.

సూ_లో_చలి:

నేను కెనడా వైపు నుంచి. ఒంటారియోలో సూ సెయింట్ మేరీ అనే ఊళ్లో అల్గోమా యూనివర్సిటీలో చదివాను, అప్పట్లో మనవాళ్లు చాలామందే వచ్చేవాళ్లు. ఓరియెంటేషన్ రోజు మమ్మల్ని తీసుకెళ్లిన పెద్ద ఇటుకల బిల్డింగ్ పేరు షింగ్వాక్ హాల్. అది 1935లో కట్టిన రెసిడెన్షియల్ స్కూల్ (పైన చెప్పిన అమెరికా బోర్డింగ్ స్కూళ్లకి కెనడాలో పేరు), 1970 వరకు ఓజిబ్వే పిల్లల్ని, క్రీ అనే ఇంకో ఆదివాసీ జాతి పిల్లల్ని ఉంచింది అందులోనే. ఇప్పుడు హాల్లో ఆ పిల్లల ఫొటోలు, అక్కడ చదివినవాళ్లు చెప్పిన మాటలు గోడల మీద పెట్టారు. ఆవరణలోనే పిల్లల సమాధులున్న చోటు కూడా ఉంది. వీసా, అద్దె, పార్ట్‌టైమ్ గొడవల్లో పడి మాలో సగంమంది చదవకుండానే ఆ గోడల పక్క నుంచి వెళ్లిపోయేవాళ్లం, ఆ మాట ఒప్పుకోవాలి.

అక్కడి కథలో ఒక మెలిక ఉంది. షింగ్వాక్ అనే ఓజిబ్వే నాయకుడు పందొమ్మిదో శతాబ్దంలో తానే బడి కావాలని అడిగాడు, ఆయన కల "బోధనా విగ్వామ్" (విగ్వామ్ అంటే వాళ్ల సంప్రదాయ గుడిసె). మన పిల్లలు తెల్లవాళ్ల చదువూ నేర్చుకోవాలి, మనదీ మర్చిపోకూడదు అని. ఆయన కొడుకు 1871లో ఊరూరా తిరిగి చందాలు కూడా పోగేశాడు. బడి వచ్చింది కానీ ఆయన అడిగింది రాలేదు, చర్చి, ప్రభుత్వం కలిసి దాన్ని భాష తుడిచేసే చోటుగా చేశాయి. ఇప్పుడు అదే స్థలంలో షింగ్వాక్ కినూమాగే గమిగ్ అని అనిషినాబే వాళ్ల సొంత విద్యాసంస్థ నడుస్తోంది, భాషలో డిగ్రీ స్థాయి కోర్సులున్నాయి. కెనడా ప్రధాని 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు, 2015లో ఈ రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ చేసిన సత్య సయోధ్య కమిషన్ 94 సిఫార్సులిచ్చింది, వాటిలో భాషలవీ ఉన్నాయి. పచ్చినిజం గారన్నట్టు కాగితాలు బోలెడు. కానీ విన్నిపెగ్‌లో మామూలు ప్రభుత్వ బడుల్లోనే ఓజిబ్వే ద్విభాషా తరగతులు వచ్చాయంటే అది కాగితం కాదు కదా.

పచ్చినిజం:

సరే, షింగ్వాక్ కథ నాకు తెలియదు, థాంక్స్. అయినా నా పట్టు వదలను. ఉడతాభక్తి గారు చెప్పిన ఆ "నేర్చుకున్న పెద్దవాళ్లు" ఎంతమంది? వాళ్ల మీద మోసే బరువెంత? పగలు పాఠం చెప్పాలి, రాత్రి రేపటి పాఠానికి పుస్తకమే లేదు కాబట్టి పుస్తకం రాయాలి, వారాంతం పెద్దవాళ్ల దగ్గర కూర్చోవాలి, చావుపుట్టుకల దగ్గర ఓజిబ్వేలో మాట్లాడటానికి కూడా వాళ్లనే పిలుస్తారు. అలిసిపోయి మానేస్తే? ఒక్క టీచర్ మానేస్తే ఒక తరగతి మూతపడుతుంది. నాకు నమ్మకం లేక కాదు అంటున్నది, ఈ బరువు గురించి ఎవరూ రాయరు, అందరూ పిల్లలు పాట పాడే వీడియోలే పెడతారు.

ఉట్నూరు_మాస్టారు:

అది నిజం. నూటికి నూరుపాళ్లు నిజం.

దులూత్_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. మా ఆయనకి కూడా చదివి వినిపించాను, "ఉపయోగం ఏంటి" అనడం మానేసి షింగ్వాక్ గురించి వెతుకుతూ కూర్చున్నారు. మరి నా చివరి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, మా పిల్లని చేర్పించొచ్చా లేదా?

ఉడతాభక్తి:

పబ్లిక్ స్కూల్ కాబట్టి రూల్ ఏంటో స్కూల్నే అడగండి, నేను ఊహించి చెప్పను. రూల్ ఒప్పుకున్నా నేనైతే ముందు ఒకటి అడుగుతాను, సీట్లు మిగిలి ఉన్నాయా, వెయిటింగ్‌లో ఓజిబ్వే కుటుంబాల పిల్లలున్నారా అని. ఉంటే వాళ్ల తర్వాతే మనం. ఈ విషయంలో వాళ్లలోనే రెండు మాటలున్నాయి, మాట్లాడే నోరు ఎవరిదైనా మంచిదే అనేవాళ్లున్నారు, ఉన్న కాస్త టీచర్ల సమయం మా పిల్లలకే కావాలి అనేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్లని నేను తప్పుపట్టలేను.

సీటు దొరక్కపోయినా దారి ఉంది. మీ చుట్టుపక్కల లాంగ్వేజ్ టేబుల్ అని పెడుతుంటారు, వారానికోసారి తలా ఒక వంటకం తెచ్చుకుని కూర్చుని మాట్లాడుకోవడం, చాలాచోట్ల ఎవరైనా రావొచ్చు. దగ్గర్లో ఫాండ్ డు లాక్ ట్రైబల్ కాలేజీ ఉంది, అక్కడా కనుక్కోండి. వెళ్లేటప్పుడు పులిహోర పట్టుకెళ్లండి, ఫోన్ తీసి వీడియో మాత్రం మొదలుపెట్టకండి, పాటలు, కథలు కొన్ని రికార్డు చేయడం వాళ్లకి ఇష్టం ఉండదు, అడిగి చేయండి.

సూ_లో_చలి:

ఇంకో చిన్న సంగతి. వాళ్ల రాత పద్ధతిలో ఒక అచ్చు రాస్తే హ్రస్వం, రెండు రాస్తే దీర్ఘం, e ఒక్కటే రాసినా దీర్ఘమే. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లకి చదవడం పది నిమిషాల పని, ఇంగ్లీష్ వాళ్లు అక్కడే తన్నుకుంటారు. మనూమిన్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద చేత్తో కోసింది, సరస్సులోది అని ఉందో లేదో చూసుకోండి. సూపర్ మార్కెట్లో చవగ్గా దొరికే నల్లటిది చాలావరకు మడుల్లో యంత్రాలతో పండించింది, అది ఉడకడానికీ చాలాసేపు పడుతుంది.

దులూత్_అమ్మ:

హహ, ఆ నల్లదే మా ఇంట్లో ఉంది, ఎంతకీ ఉడకదేంటా అని కుక్కర్‌ని తిట్టుకున్నా. స్కూల్‌కి మెయిల్ పెట్టాను, జవాబు రాగానే ఇక్కడ రాస్తా.